కడిగి ఇచ్చిన డబ్బా

ఎముకల వార్డు, తలుపు పక్క మంచం
సోమవారం

వదినగారికి,

నా అక్షరాలు చూసి కోప్పడకండి. నేను చదివింది ఐదో తరగతి, అదీ చివరి పరీక్షలు రాయకుండానే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకెప్పుడూ సందేహమే, అందుకని కొన్నిచోట్ల పెట్టి కొన్నిచోట్ల మానేశాను. కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి వరసలు కిందికి జారాయి. ఫోన్లో చెబుదామంటే మీరు చెప్పేది నాకు వినపడుతుంది గాని నేను చెప్పేది మీకు వినపడదు. మొన్న నేను ఏడుస్తూ కాలు విరిగిందంటే మీరు "సంతోషం, ఇద్దరూ జాగ్రత్త" అని పెట్టేశారు.

జరిగింది ఇది. మీ తమ్ముడు మందుల దుకాణానికి బోర్డు రాస్తూ నిచ్చెన మీంచి పడ్డారు. "అన్ని రకాల మందులు" అని రాశారు, "దొరుకును" ఇంకా రాయలేదు. కుడికాలు మోకాలి కింద విరిగింది. సగం సిమెంటు కట్టు వేసి దిండు మీద పెట్టారు. లోపల రేకు వేసి మరలు బిగించాలట. ఎముకల డాక్టరుగారు మంచివారే గాని ఆయన వెనక ఎప్పుడూ చదువుకునే పిల్లలు గుంపుగా ఉంటారు, అందుకని నేను తల ఎత్తలేను.

శుక్రవారం ఆపరేషన్ అన్నారు. అంతకుముందు సిస్టరు అందరి ముందూ నా చేతికి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, "మీ ఆయన మూత్రం" అని గట్టిగా చెప్పి వెళ్ళిపోయింది. నేను దాన్ని కొంగు కింద దాచుకుని నిలబడ్డాను. ఎలా పట్టాలో అడగడానికి నోరు రాలేదు. కిటికీ పక్క మంచం తాతగారి భార్య ఇక్కడ అందరికంటే పాత. ఆవిణ్ణి అందరూ వార్డు పెద్దమ్మ అంటారు. ఆవిడ చెప్పింది: "అట్లాగే పోసి ఇస్తావేంటే? ఎవరెవరు ముట్టుకున్న డబ్బానో. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, అప్పుడు పోసివ్వు. మనింటి శుభ్రం వాళ్ళకీ తెలియాలి." మంచి మాట కదా అని కుళాయి నీళ్ళతో కడిగాను. మంచం కింద మీ తమ్ముడు పోసే ప్లాస్టిక్ చెంబులోంచి అందులోకి వంపాను.

రిపోర్టులో క్రిములు వచ్చాయి. ఆపరేషన్ వాయిదా వేశారు. ముందు ఇంజెక్షన్లు చేసి క్రిముల్ని చంపాలి, అంతకుముందే రేకు వేస్తే రేకుకి పట్టుకుంటాయి అన్నారు. ఎక్కువ ఆలస్యమైతే ఎముక తనకు తోచినట్టు అతుక్కుపోతుందట. అప్పుడు మళ్ళీ విరగ్గొట్టాలట. ఈ మాట ఆయనకు చెప్పలేదు. మీకు చెప్పాను.

మీ మరదలు


కుట్టు దుకాణం
గురువారం

అమ్మాయ్,

నీ ఉత్తరం చేరింది. అక్షరాలు బాగానే ఉన్నాయి, సంగతులే బాగాలేవు.

మా అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. వాడికి గజ్జి వచ్చింది, గవదలు వచ్చాయి, ఒకసారి బలపం మింగాడు. క్రిములు మాత్రం రాలేదు. ఇప్పుడు వచ్చాయి. నేనేమీ అనడం లేదు. వచ్చాయి అంటున్నాను, అంతే.

వాడు తాగే నీళ్ళు కాచి ఇస్తున్నావా? దుప్పటి మారుస్తున్నావా? ఆ డబ్బా ఉత్త నీళ్ళతో కడిగానన్నావు. ఉత్త నీళ్ళతో కడగడం కూడా ఒక కడగడమేనా? ఈ ఉత్తరంతోపాటు పొడుగు బ్రష్షు, సబ్బు బిళ్ళ పంపుతున్నాను. బ్రష్షు అడుక్కి తగిలేలా తిప్పు. ఆసుపత్రివాళ్ళ ముందు మన పరువు పోకూడదు.

ఇంకో మాట. ఈసారి రిపోర్టు కూడా ఇట్లాగే వస్తే, నేను వ్యాను మాట్లాడుకుని వచ్చి వాణ్ణి ఇక్కడికి తెచ్చేస్తాను. మా వీధి చివర ఎముకలు కట్టేవాడున్నాడు. మా మేనమామ భుజం అతనే కట్టాడు. చెయ్యి పైకి లేవదు గాని నొప్పి మాత్రం లేదు.

మీ వదిన


ఎముకల వార్డు
మంగళవారం

వదినగారికి,

బ్రష్షు, సబ్బు అందాయి. వార్డులో అందరూ చూసి మెచ్చుకున్నారు. పెద్దమ్మ అరువు తీసుకుంది.

రెండోసారి డబ్బా ఇచ్చినప్పుడు మీరు చెప్పినట్టే చేశాను. సబ్బుతో తోమి, కుళాయి కింద బాగా కడిగి, లోపలంతా నా కొంగుతో తుడిచాను. కొత్త చీర కొంగు. రిపోర్టులో ఈసారి ఇంకా ఎక్కువ క్రిములు వచ్చాయి. మునుపటివి కాదట, వేరే రకం. డాక్టరుగారు ముఖం అదోలా పెట్టి ఇంకా పెద్ద మందు రాశారు. ఆ మందుకు మీ తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. కాలు దిండు మీద ఉండగా విరేచనాలు పట్టుకుంటే ఎట్లా ఉంటుందో మీకు రాయను. అది తప్ప ఆయన బాగానే ఉన్నారు.

మా ఒక్కరికే కాదు. ఈ వార్డులో అందరికీ క్రిములే. తుంటి విరిగిన తాతగారికి, మోచెయ్యి విరిగిన లారీ డ్రైవరుకి, ఆఖరికి చిటికెన వేలు విరిగిన కుర్చీల వ్యాపారికి కూడా. ఎవరూ ఆపరేషన్‌కి వెళ్ళడం లేదు, ఎవరూ ఇంటికి వెళ్ళడం లేదు. అందరం చుట్టాలమైపోయాం. ఆడవాళ్ళం కుళాయి దగ్గర వరసగా నిలబడి డబ్బాలు తోముకుంటున్నాం. కుర్చీల వ్యాపారి భార్య వేడినీళ్ళు కూడా వాడుతుంది. ఆవిడకు ఫ్లాస్కు ఉంది.

వ్యాను మాత్రం తేవద్దు. మీ మేనమామగారి చెయ్యి నేను పెళ్ళిలో చూశాను. ఆయన అక్షింతలు మా మీద వేయలేక పక్కనున్న ఫోటోగ్రాఫరు మీద వేశారు. మీ తమ్ముడు రేపు నిచ్చెన ఎక్కాలంటే కాలు వంగాలి కదా.

మీ మరదలు


కుట్టు దుకాణం
శనివారం

అమ్మాయ్,

మా మేనమామ చెయ్యి సంగతి నీకెందుకు?

వ్యాను మాట్లాడాను. వచ్చే ఆదివారం బయల్దేరతాను. డ్రైవరు నమ్మకమైన మనిషి, గుంతలు చూసి తోలుతాడు. ఇక్కడ అడిగినవాళ్ళకు చెప్పాను, మా మరదలికి చిన్నతనం, శుభ్రం తెలియదు, అందుకే ఆలస్యమవుతోందని. నీ మీద కోపంతో కాదు. ఏదో ఒకటి చెప్పాలి కదా.

కుట్టుకుంటూ కూర్చుంటే ఒక అనుమానం వచ్చింది. నాకు చదువు లేదు, నీకూ లేదు, కాబట్టి నీతోనే అంటాను. వాడికి విరిగింది కాలు. వాళ్ళు చూస్తున్నది మూత్రం. ఎందుకు? నా దుకాణానికి జాకెట్టు కుట్టించుకుందామని వచ్చినామె కొలతలు తీసుకుంటాను. ఆమెకు తోడుగా వచ్చి కుర్చీలో కూర్చున్నామె నడుము కొలవను. కొలిస్తే ఏదో ఒక కొలత వస్తుంది. వచ్చింది గదా అని గుడ్డ కత్తిరిస్తామా?

అడుగు. నీకూ దేవుడు నోరిచ్చాడు. తినడానికే అనుకుంటున్నావేమో.

మీ వదిన


ఎముకల వార్డు
బుధవారం

వదినగారికి,

వ్యాను ఆపండి. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

మీరు అడగమన్నది ఒక రోజంతా నోట్లో పెట్టుకుని తిరిగాను. ఈలోగా నా అవసరం లేకుండా ఆ ప్రశ్న తనే నడిచి వచ్చింది. నిన్న పొద్దున కింది ల్యాబునుంచి ఒక డాక్టరమ్మ పైకొచ్చింది. పొట్టిగా, తల నెరిసి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతూ ఉంది. చేతిలో ట్రే, దాని నిండా మా వార్డు డబ్బాలు. క్రిములను చూసే డాక్టరమ్మ అట. రోగుల్ని చూడ్డానికి ఆవిడ ఎప్పుడూ రాదట, పెద్దమ్మ కూడా ఆవిణ్ణి చూడటం ఇదే మొదటిసారి.

ట్రే బల్ల మీద పెట్టి ఎముకల డాక్టరుగారిని అడిగింది.

"వీళ్ళందరికీ ఈ పరీక్ష ఎందుకు రాశారు?"

"ఆపరేషన్ ముందు రాస్తాం మేడమ్."

"ఎందుకు?"

"మా ముందున్నాయన రాసేవారు."

"ఆయన ఎందుకు రాసేవారు?"

డాక్టరుగారు పిల్లల వైపు చూశారు. పిల్లలు నేల వైపు చూశారు. నేను ఎప్పుడూ చూసే చోటే అది.

ఆవిడ మంచం మంచానికీ వెళ్ళి అదే మాట అడిగింది: "మూత్రానికి పోతే మంటగా ఉందా? చలితో జ్వరం వచ్చిందా? పొత్తికడుపులో నొప్పా?" మీ తమ్ముడి దగ్గరికొచ్చినప్పుడు ఆయన, "నొప్పి కాల్లోనండి" అన్నారు.

"నేను మూత్రం సంగతి అడుగుతున్నాను."

"దానికేం మేడమ్, నిక్షేపంగా ఉంది. దాన్నెవరూ నిచ్చెన మీంచి తోయలేదు."

వార్డంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "ఈ డబ్బాలు నింపింది ఎవరు?" అంది. ఆడవాళ్ళం అందరం ఒక్కసారే దుప్పట్లు సర్దడం మొదలుపెట్టాం. "ఎవర్నీ తిట్టనమ్మా. ఎలా నింపారో చెప్పండి చాలు."

పెద్దమ్మ నా వైపు చూసి కళ్ళతోనే వద్దంది. ఎందుకు వద్దో ఆవిడకూ తెలియదనుకుంటాను. నాకు మీ వ్యాను కళ్ళముందు కనపడింది. గుంతలు కూడా కనపడ్డాయి.

"కడిగానండి" అన్నాను.

"వినపడలేదు."

"కడిగానండి!"

"చేతులా?"

"డబ్బా."

"ఆ డబ్బానా? మూత తీసి? దేంతో?"

"సబ్బుతోనండి. బ్రష్షుతో. మా వదినగారు పంపారు."

 నన్ను తిడతారని అందరూ ఎదురుచూశారు. ఆవిడ తిట్టకపోయేసరికి కుర్చీల వ్యాపారి భార్య లేచింది. "సబ్బు ఏ మూలకి? నేను వేడినీళ్ళతో కడిగాను."

"నేను కడిగి కిటికీలో బోర్లించాను" అంది లారీ డ్రైవరు తల్లి.

"మా కోడలు కొంగుతో తుడిచింది, నేను తువ్వాలుతో తుడిచాను, అది ఉతికిన తువ్వాలు" అని ఇంకొకావిడ.

"ఏవమ్మా, వీళ్ళందరికీ నేర్పింది నేను" అంది పెద్దమ్మ. ఇక ఆవిడ కూడా వెనక ఉండదలచుకోలేదు.

డాక్టరమ్మ నా స్టూలు మీద కూర్చుంది. "అంటే ఇన్నాళ్ళూ నేను పరీక్ష చేసింది మీ కుళాయినీ, మీ కొంగుల్నీనా?" అంది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని చెప్పింది. ఆ డబ్బా క్రిమి అన్నది లేకుండా చేసి మూత వేసి ఇస్తారట. మనం శుభ్రం చేశామనుకున్న ప్రతిసారీ కుళాయి నీళ్ళ క్రిములు, చేతి క్రిములు అందులో చేరాయట. మంచం కింద చెంబులోంచి వంపడం ఇంకో తప్పట. పైగా నింపిన డబ్బాలు సాయంత్రం దాకా కిటికీ గట్టు మీద ఎండలో ఉంటాయి, ల్యాబు మనిషి అప్పుడొస్తాడు. ఆవిడ గట్టు మీదున్న ఒక డబ్బా ముట్టుకుని, "ఈ వార్డులో టీ కూడా ఇంత వేడిగా ఇవ్వరు" అంది. అందులో ఒక క్రిమి ఉంటే సాయంత్రానికి ఊరవుతుందట. అది మా తప్పు కాదని సిస్టరుకేసి చూసి చెప్పింది.

"ఇవన్నీ సరిగ్గా చేసినా సరే," అని డాక్టరుగారి వైపు తిరిగింది, "ఒంట్లో ఏ బాధా లేనివాళ్ళ మూత్రంలోనూ ఒక్కోసారి క్రిములు ఉంటాయి. ఉంటే ఉంటాయి. అది రోగం కాదు. వాటిని చంపడానికి మందు వేస్తే మొండివి మిగిలి, రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు ఏ మందూ పనిచేయదు. ఈలోగా ఈయనకు మీరు తెప్పించింది విరేచనాలు."

"మేడమ్, ఎందుకైనా మంచిది, ఒక్కసారి సరిగ్గా పట్టించి పంపితే..."

"ఎందుకైనా మంచిదని ఈయన్ని ఇన్నాళ్ళు పడుకోబెట్టారు. జ్వరముంటే పంపండి, మంట ఉంటే పంపండి. ఏమీ లేనివాళ్ళది నా దగ్గరికి వస్తే పారబోస్తాను."

డాక్టరుగారు "ఆలోచిస్తాను" అన్నారు. సాయంత్రం ఎక్స్‌రే తీయించారు. ఎముక అప్పుడే పక్కకు అతుక్కోవడం మొదలుపెట్టిందట. ఈ సోమవారం అయితే సరి, అది దాటితే విరగ్గొట్టాల్సిందే. సోమవారం జాబితాలో మీ తమ్ముడి పేరు రాశారు. పెన్సిలుతో రాశారు.

క్రిములు నావల్లే వచ్చాయి వదినగారూ. మీరు అక్కడ చెప్పింది నిజమే అయింది, కాకపోతే తిరగేసి.

మీ మరదలు


కుట్టు దుకాణం
శుక్రవారం

మరదలా,

డబ్బా కడిగింది నువ్వు, అంత పెద్ద డాక్టరు ముందు పేరు నాదా? వార్డంతా విన్నారా?

సరే. విననీ.

వ్యానువాడికి రావద్దని చెప్పాను. అప్పటికే సీట్లు పీకేసి పరుపు వేయించాడట. ఇప్పుడు అందులో టమాటాలు తోలతానంటున్నాడు.

మా మరదలికి శుభ్రం తెలియదని చెప్పినవాళ్ళందరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళి, తెలియక కాదు, మరీ ఎక్కువ తెలిసి ఇట్లా అయిందని చెబుతున్నాను. ఎవరూ నమ్మడం లేదు. మొదటి మాటే బాగుందంటున్నారు.

బ్రష్షు పంపకుండా ఉండాల్సింది. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు. ఇరవై ఏళ్ళుగా దుకాణం నడుపుతున్నాను, ఏ జాకెట్టు బిగుతైనా తప్పు తొడుక్కున్నామెదేనని చెప్పి పంపుతాను. అలవాటు పోదు.

పెన్సిలుతో రాశారన్నావు. పెన్సిలు నాకు నచ్చలేదు. మా దుకాణంలో పెన్సిలుతో రాసుకున్న జాకెట్లు ఇంకా కుట్టలేదు. నువ్వు అక్కడే ఉండు, కదలకు. వాడికి ధైర్యం చెప్పు. వాడు పైకి జోకులు వేస్తాడు గాని లోపల పిరికి. నాకు తెలుసు.

మీ వదిన


ఎముకల వార్డు
మంగళవారం

వదినా,

ఆపరేషన్ అయింది. కాలు తిన్నగా వచ్చింది. ముందే ఇది రాస్తున్నాను, మీరు మిగతాది కుదురుగా చదవాలని.

నిన్న పొద్దున ఆయనకు ఆకుపచ్చ గౌను తొడిగి కూర్చోబెట్టాం. స్ట్రెచరు రావాలి. స్ట్రెచరు కంటే ముందు వార్డుబాయ్ వచ్చాడు, చేతిలో డబ్బాతో.

"ఇదిగోమ్మా, తొందరగా. ల్యాబుకి పోవాలి."

నా చెయ్యి అలవాటుకొద్దీ ముందుకు వెళ్ళింది. తీసుకున్నాను కూడా. తీసుకున్నాక అడిగాను. "ఎందుకండీ?"

"ఎందుకేంటి? ఆపరేషన్ కదా."

"ఆయనకు జ్వరం లేదండీ. మంట లేదండీ."

"నాకు చెబుతావేంటి తల్లీ? చీటీలో ఉంది."

"ఎవరు రాశారండీ?"

అతను చీటీ తిప్పి తిప్పి చూశాడు. "ఎవరూ రాయలేదు. అచ్చులోనే ఉంది" అన్నాడు.

రిపోర్టు వచ్చేదాకా ఆగమంటే సోమవారం పోతుంది. అది అతనికి తెలియదు, నాకు తెలుసు. "ఇవ్వను" అన్నాను.

"ఇవ్వకపోతే ఆపరేషన్ ఆగుద్ది. నీ ఇష్టం."

పెద్దమ్మ వెనకనుంచి, "ఇచ్చెయ్యవే, పెద్దవాళ్ళతో గొడవెందుకు? ఈసారి కడక్కుండా ఇద్దువులే" అంది. మీ తమ్ముడు కూడా, "ఇచ్చేద్దాం, ఒక్క డబ్బాయే కదా" అన్నారు.  కానీ కూర్చుంటే ఇక లేవలేనని తెలిసి, ఆ డబ్బా పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. డాక్టరుగారు పిల్లల మధ్య నిలబడి ఉన్నారు.  డబ్బా ముందుకు చాపాను.

ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూశారు. "ఏంటమ్మా, ఖాళీగా ఉంది?"

"ఖాళీగానే ఉంటుందండీ. ఆయనకు మంట లేదు."

పిల్లల్లో ఒకమ్మాయి నవ్వింది. డాక్టరుగారు నవ్వలేదు, తిట్టలేదు. చాలాసేపు ఆ డబ్బా వైపే చూశారు, అందులో ఏదో ఉన్నట్టు. తర్వాత దాన్ని కోటు జేబులో వేసుకుని వార్డుబాయ్‌తో, "అతన్ని తీసుకురా" అన్నారు.

అతుక్కోవడం మొదలుపెట్టిన చోట కొంచెం బలవంతంగా లాగాల్సి వచ్చిందట. విరగ్గొట్టలేదు. ఇంకొన్నాళ్ళకు చేతికర్రలతో నడుస్తారు, ఆ తర్వాత మామూలుగా. నిచ్చెన ఎక్కొచ్చా అని అడిగాను. ఎక్కొచ్చు, కింద ఎవరైనా పట్టుకుంటే అన్నారు. నేను పట్టుకుంటానన్నాను.

తాతగారి తుంటికి గురువారం అట. పెద్దమ్మ నాతో నిన్నంతా మాట్లాడలేదు, ఇవాళ వచ్చి తాతగారి డబ్బా ఎందుకివ్వకూడదో సిస్టరుకి నన్ను చెప్పమంది. నువ్వే చెప్పు పెద్దమ్మా అంటే, నాకు సిగ్గు అంది.

ఇంకొక సంగతి వేరే కాగితం మీద రాస్తున్నాను.

వదినా,

ఆపరేషన్ గది తలుపు దాకా నన్ను రానిచ్చారు. అక్కడ మీ తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని "అక్కా" అన్నారు. అప్పటికి మత్తు ఇవ్వలేదు. పొరపాటున అన్నారేమో అనుకున్నాను. మళ్ళీ, "అక్కను పిలువు, అక్క రాలేదా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. స్ట్రెచరు తోసే మనిషి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఏం చేయాలో తెలియక, "వచ్చారు, కింద ఉన్నారు, మెట్లు ఎక్కలేక ఆగారు" అని చెప్పాను. ఆ మాట వినగానే నా చెయ్యి వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు.

నాకు కొంచెం బాధ కలిగింది. ఎక్కువ కాదు. ఇది మీకు రాయకుండా ఉందామా అని కూడా అనుకున్నాను. రాస్తే ఆ పిలుపు మీదవుతుంది, రాయకపోతే ఎవరిదీ కాదు. మీరు పెంచిన మనిషి కదా, మీకే పంపుతున్నాను.

మెలకువ వచ్చాక ఆ సంగతి ఎత్తడం లేదు. జోకులు వేస్తున్నారు. కానీ తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో మెట్లు ఎక్కి వస్తున్నట్టు చూస్తున్నారు. మీరు వస్తే నా అబద్ధం నిజమవుతుంది. టమాటాలు దింపించుకుని ఆ వ్యానులోనే రండి.

ఏడ్చినట్టు నేను మీకు చెప్పానని తెలిస్తే ఆయన తల ఎత్తుకోలేరు. మొదటి కాగితం దాచుకోండి, అందులో ఎముక సంగతులే ఉన్నాయి. దీన్ని మాత్రం పొయ్యిలో పెట్టి, పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడి, అప్పుడు బయల్దేరండి.